1958 జాన్సన్ 18 ఔట్‌బోర్డ్: చల్లగా ఉంటే బాగానే ఉంది, వేడెక్కాక ఒక సిలిండర్ పోతోంది

సరస్సుగట్టు (మినియాపొలిస్)

అందరికీ నమస్కారం. చలికాలమంతా గ్యారేజీలో కూర్చుని 1958 నాటి జాన్సన్ 18 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ (పడవ వెనక తగిలించే ఇంజిన్) ఒకటి బాగుచేశాను. ఎవరో సగం పని చేసి వదిలేసిన ఇంజిన్ కొన్నాను కాబట్టి అంతకుముందు దానిమీద ఎన్ని చేతులు పడ్డాయో తెలీదు. మ్యాగ్నెట్ (పైన తిరిగే అయస్కాంతపు చక్రం, అదే ఫ్లైవీల్) కింద ప్లగ్గులకి నిప్పు పుట్టించే రెండు కాయిల్స్ అప్పటికే కొత్తవి (పాతవాటి పైతొడుగు పగుళ్లివ్వడం ఈ మోడళ్లకి మామూలే). పాయింట్లు (కాయిల్ కరెంటుని తెరిచి మూసే చిన్న స్విచ్చులు), వాటి కండెన్సర్లు, కార్బురేటర్ కిట్, వాటర్ పంప్ ఇంపెల్లర్ నేను మార్చాను. కంప్రెషన్ రెండు సిలిండర్లలోనూ దాదాపు సమానం. ప్లగ్గులు ఛాంపియన్ జే6సీ.

పెరట్లో నీళ్ల డ్రమ్ములో పెట్టి నడిపితే ఎంతసేపైనా చక్కగా నడుస్తుంది. లేక్ మినెటాంకాకి తీసుకెళ్తే, ఒడ్డునుంచి నెమ్మదిగా బయటికి వచ్చేదాకా బాగుంటుంది, ఒక పావుగంట ఇరవై నిమిషాలు అయ్యాక విశాలంగా ఉన్నచోట స్పీడు పెంచగానే డబడబ మని ఒకే సిలిండర్ మీద పడిపోతుంది. మళ్లీ నెమ్మదిగా ఒడ్డుకి వచ్చేసరికి అంతా మామూలే. వేడెక్కితే కాయిల్ పోతోందని నా అనుమానం. కొత్త కాయిల్ కొనేముందు మీ మాట కూడా విందామని.

ఆర్‌డీ_పిచ్చోడు (హైదరాబాద్)

నూటికి తొంభై పాళ్లు కాయిలే అన్నా. నా దగ్గర రాజ్‌దూత్ 350 బైకు (ఆర్‌డీ) ఉంది, అది కూడా రెండు సిలిండర్లు, టూ స్ట్రోక్, రెండు సీబీ పాయింట్లు, రెండు కాయిల్స్, అంటే మీ జాన్సన్‌కి చుట్టమే. ఎండాకాలం ట్యాంక్‌బండ్ మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఎడమ సిలిండర్ చచ్చిపోయేది, చల్లారాక తిరిగొచ్చేది. కాయిల్ మార్చాక మళ్లీ ఆ ఊసే లేదు. లోపల సన్నటి తీగ ఎక్కడో తెగి ఉంటుంది, చల్లగా ఉన్నంతసేపు రెండు కొసలూ తాకుతాయి, వేడికి విడిపోతాయి. హెయిర్ డ్రయ్యర్‌తో కాయిల్‌ని వేడిచేసి స్పార్క్ చూడండి, బయటపడిపోతుంది.

ఉప్పాడ_తీరం

కాయిల్ కొనే ముందు పెట్రోలు చూడండి సార్. మా దగ్గర బోటు ఇంజిన్ మిస్సింగ్ అని వచ్చేవాటిలో చాలామటుకు కరెంటు గొడవ కాదు, చమురు గొడవే. మీది 1958 అంటే ఫ్యూయల్ పంప్ లేని రకం కదా, రెండు పైపుల ట్యాంకు. ఇంజిన్‌లోంచి గాలి ట్యాంకులోకి పోయి ఆ ఒత్తిడికి పెట్రోలు పైకి రావాలి. మూత దగ్గర రబ్బరు ఎండిపోయినా, పైపు కనెక్టర్లో రింగు పోయినా నెమ్మదిగా పోయేటప్పుడు సరిపోతుంది, స్పీడులో చాలదు. మిస్ అయినప్పుడు ట్యాంకు మీద పెట్రోలు చేత్తో ఎక్కించే బటన్ నొక్కి చూడండి. కాసేపు కోలుకుంటే పెట్రోలే. ఇంకోటి, ఇథనాల్ కలిపింది పోస్తే పాత రబ్బరు అంతా జావ అయిపోతుంది.

సరస్సుగట్టు

@ఉప్పాడ_తీరం, బటన్ నొక్కి చూశాను, ఏం తేడా లేదు. ఇక్కడ మిన్నెసోటాలో పడవలకీ పాత బళ్లకీ ఇథనాల్ లేని ప్రీమియం పెట్రోలు కొన్ని బంకుల్లో దొరుకుతుంది, అదే పోస్తాను, 24కి 1 పాళ్లలో టీసీ-డబ్ల్యూ3 (పడవల టూ స్ట్రోక్ ఇంజిన్ల) ఆయిల్ కలిపి. (50కి 1 అనేది 1964 తర్వాత ఇంజిన్లకి, దీనికి కాదు.) ఇంకో సంగతి, మిస్ అయినప్పుడు నెమ్మదిగా నీరసించి పడిపోవట్లేదు, స్విచ్ ఆపినట్టు టక్కున పోతుంది. అలా పోయినప్పుడు అక్కడే ఇంజిన్ ఆపేసి ప్లగ్గులు విప్పితే పై ప్లగ్ పొడిగా గోధుమరంగులో ఉంది, కింది ప్లగ్ పెట్రోలుతో తడిసి ఉంది.

ఓమ్స్_లా (శాన్ హోసే)

తడి ప్లగ్ అంటే పెట్రోలు వస్తోంది, నిప్పు రావట్లేదు. ఫ్యూయల్ అయితే రెండు సిలిండర్లూ కలిసి నీరసిస్తాయి, ఇలా టక్కున ఒకటే పోదు. కాబట్టి కింది సిలిండర్ ఇగ్నిషన్ అని ఖాయం చేసుకుని ముందుకెళ్లొచ్చు.

అయితే @ఆర్‌డీ_పిచ్చోడు, చుట్టరికం దూరపుదే. ఆర్‌డీకి బ్యాటరీ ఉంది, పాయింట్ మూసుకున్నప్పుడు బ్యాటరీ కరెంటు కాయిల్‌లోకి పోతుంది. ఇక్కడ బ్యాటరీ లేదు. ఫ్లైవీల్‌లో అయస్కాంతం కాయిల్ పక్కనుంచి పోయినప్పుడు ప్రైమరీలో కరెంటు పుడుతుంది, పాయింట్లు మూసుకుని ఉన్నంతసేపు అది ఎర్త్ ద్వారా తిరుగుతూ ఉంటుంది, సరిగ్గా అది గరిష్ఠంగా ఉన్న క్షణంలో పాయింట్ తెరుచుకుంటే ఫీల్డ్ కుప్పకూలి సెకండరీలో వేల వోల్టులు వస్తాయి. అందుకే ఇక్కడ పాయింట్ గ్యాప్ కొంచెం తేడా వచ్చినా టైమింగ్ ఒక్కటే కాదు, స్పార్క్ బలం కూడా పోతుంది. మీ ఇంజిన్‌కి 20 థౌ, అంటే అర మిల్లీమీటర్.

చూడాల్సినవి చెప్తాను. స్పార్క్ టెస్టర్‌లో పావు అంగుళం గ్యాప్ పెట్టి రెండు వైపులా దూకుతోందా చూడండి, నీలంగా చిటపటమంటూ రావాలి. ప్లగ్‌ని బాడీకి ఆనించి చూసే స్పార్క్‌ని నమ్మకండి, బయటి గాలిలో దూకే నిప్పు సిలిండర్ ఒత్తిడిలో దూకకపోవచ్చు. ప్లగ్ వైర్లు కారు షాపులో కొన్న కార్బన్ రకమా, లోపల రాగి తీగ ఉన్నవా? కాయిల్లో సూది లాంటి మొన వైర్ మధ్యలోకి గుచ్చుకోవాలి, కార్బన్ వైర్‌లో అది సరిగ్గా పట్టదు. కొత్త పాయింట్ల మీద తుప్పు పట్టకుండా సన్నటి పూత ఉంటుంది, గ్యాప్ పెట్టాక స్పిరిట్‌లో తడిపిన గట్టి కాగితం మధ్యలో లాగారా? చివరగా, స్టాప్ బటన్ ఏమైనా ఉందా? ఉంటే వైరు పీకేసి చూడండి.

కిక్‌రాడ్

ఇంత చదువు దేనికి, రెండు ప్లగ్ వైర్లు అటూ ఇటూ మార్చి చూస్తే పోలా? తప్పు పైకి వెళ్తే కాయిల్, కిందే ఉంటే సిలిండర్.

ఓమ్స్_లా

మారిస్తే అసలు స్టార్టే అవ్వదు. రెండు సిలిండర్లూ 180 డిగ్రీల తేడాతో పేలతాయి, వైర్లు మారిస్తే పిస్టన్ కింద ఉన్నప్పుడు నిప్పు పడుతుంది. ప్లగ్గులు మార్చుకోవచ్చు, కాయిల్స్ మార్చుకోవచ్చు, వైర్లు కాదు.

సరస్సుగట్టు

ఈ వారం చేసినవి. పావు అంగుళం గ్యాప్‌లో రెండూ దూకుతున్నాయి, నీలంగానే. హెయిర్ డ్రయ్యర్‌తో చెయ్యి పెట్టలేనంత వేడి చేసినా దూకుతున్నాయి. వైర్లు రాగి తీగవే. పాయింట్లు తుడిచాను, గ్యాప్ మళ్లీ చూశాను. ప్లగ్గులు మార్చాను, తేడా లేదు. ఆఖరికి రెండు కాయిల్స్ ఒకదాని స్థానంలో ఒకటి పెట్టాను (ఇనుప రేకుల అంచు కాయిల్స్ బిగించే ప్లేట్ మీద గుర్తులకి సమానంగా పెట్టకపోతే అయస్కాంతానికి రాసుకుంటుంది, దానికే మధ్యాహ్నం అంతా పోయింది). అయినా కింది సిలిండరే పోతోంది!

స్టాప్ బటన్ కంపెనీది కాదు, ముందు ఓనరు ఎవరో ముందువైపు ఒకటి బిగించారు. బటన్ దగ్గర రెండు వైర్లూ విప్పేసి టేప్ చుట్టి కూడా నడిపాను. అదే తంతు.

ఆర్‌డీ_పిచ్చోడు

కాయిల్ కాదన్నమాట, సరే ఒప్పుకున్నా. అయితే కండెన్సర్. కొత్తది అని నమ్మకండి అన్నా, ఇప్పుడొచ్చే కొత్తవాటికంటే అరవై ఏళ్ల నాటి పాతవే నయం. పాయింట్ల మధ్య పెద్దగా మెరుపులు వస్తున్నాయా, ముఖాలు నల్లబడ్డాయా చూడండి.

డాలస్_బోటు

మధ్యలో దూరుతున్నందుకు సారీ, కొత్త థ్రెడ్ ఎలా తెరవాలో తెలియలేదు. నాది 1970ల నాటి మెర్‌క్రూయిజర్ 140, అదే నాలుగు సిలిండర్ల స్టెర్న్‌డ్రైవ్ (ఇంజిన్ పడవ లోపల, డ్రైవ్ బయట). కీ తిప్పి స్టార్టర్ తిరుగుతున్నంతసేపు ఇంజిన్ అందుకుంటుంది, కీ వదలగానే ఆగిపోతుంది. ప్రతిసారీ ఇదే. కార్బురేటర్ విప్పాలా?

బిల్జ్_బాబాయ్ (వర్జీనియా)

కార్బురేటర్ జోలికి పోకు నాయనా. స్టార్టర్ తిరిగేటప్పుడు కాయిల్‌కి సోలినాయిడ్ (స్టార్టర్ స్విచ్) నుంచి నేరుగా 12 వోల్టులు వస్తాయి. కీ వదిలాక వేరే దారిలో, రెసిస్టెన్స్ వైర్ గుండా తక్కువ వోల్టేజీ రావాలి. ఆ రెండో దారి తెగింది నీకు. కీ ఆన్‌లో పెట్టి, పాయింట్లు మూసుకుని ఉన్నప్పుడు కాయిల్ ప్లస్ దగ్గర మీటర్ పెట్టు, ఏమీ రాకపోతే ఆ వైరో, దాని కనెక్టరో, ఇగ్నిషన్ స్విచ్చో. కానీ ఆ రెసిస్టెన్స్ వైరు బదులు మామూలు వైరు వేసి 12 నేరుగా ఇచ్చావంటే పాయింట్లు తొందరగా కాలిపోతాయి.

ఇంకోమాట, ఏ పార్టు మార్చినా మెరైన్‌దే కొను. కారు డిస్ట్రిబ్యూటర్, కారు స్టార్టర్ చూడ్డానికి అచ్చం అలాగే ఉంటాయి, సగం ధరకే వస్తాయి. కానీ లోపలి నిప్పురవ్వ బయటికి రాకుండా ఉండే ఏర్పాటు వాటిలో ఉండదు. కారు కింద పెట్రోలు ఆవిరి గాలికి పోతుంది, పడవ అడుగున పోవడానికి చోటు లేక అక్కడే పేరుకుంటుంది. స్టార్ట్ చేసే ముందు నాలుగు నిమిషాలు బ్లోయర్ (ఆవిరిని బయటికి తోసే ఫ్యాను) వెయ్యమని రాసి ఉండేది ఊరికే కాదు.

ఇక సరస్సుగట్టు బాబూ, మొదటినుంచీ చదివాను. వేడి వేడి అని అందరూ ఒకటే పాట పాడుతున్నారు, వేడి అని ఎవరు చెప్పారు? డ్రమ్ములో గంటసేపు నడిస్తే వేడెక్కలేదా? నువ్వు రాసిన ప్రకారం సరస్సులో మొదటి ఇరవై నిమిషాలు నెమ్మదిగా పోతావు, తర్వాతే థ్రాటిల్ తిప్పుతావు. డ్రమ్ములో న్యూట్రల్‌లో పెట్టి నడుపుతావు, న్యూట్రల్‌లో ఆ హ్యాండిల్ పూర్తిగా తిరగదు కదా. అంటే నువ్వు చల్లటి ఇంజిన్‌కి పూర్తి థ్రాటిల్ ఇచ్చిందెప్పుడు? వేడి ఇంజిన్‌ని నెమ్మదిగా నడిపితే మిస్ అయిందెప్పుడు? ఈ రెండూ విడదీసి చూడకుండా ఇంకో పార్టు కొనకు.

సరస్సుగట్టు

బాబాయ్, ఇది నాకు తట్టనే లేదు. మేం ఉండే వైపు ఒడ్డు దగ్గర అలలు రేపకూడని జోన్ చాలా పొడుగు, అది దాటేసరికి ఇంజిన్ ఎలాగూ వేడెక్కుతుంది. శనివారం ఒడ్డునుంచి బయటికి లాక్కెళ్లి అక్కడ చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి చూస్తాను.

ఓమ్స్_లా

వెళ్తుంటే టైమింగ్ లైట్ తీసుకెళ్లండి, ఇండక్టివ్ రకం, వేరే చిన్న 12 వోల్టుల బ్యాటరీ పెట్టుకుని. దాని క్లిప్‌ని కింది ప్లగ్ వైర్‌కి తగిలిస్తే ప్రతి స్పార్క్‌కీ లైటు కొడుతుంది. చెవితో ఊహించే పని ఉండదు. ఒకరు నడపాలి, ఒకరు లైటు చూడాలి. కవర్ తీసేసి ఉంటుంది కాబట్టి ఫ్లైవీల్ దగ్గర లైఫ్ జాకెట్ తాళ్లు, చున్నీలు జాగ్రత్త.

సరస్సుగట్టు

చేశాం. మా ఫ్రెండ్ స్నేహితుడి పడవతో బయటికి లాగించాను, మా ఫ్రెండే నడిపాడు, నేను లైటు పట్టుకున్నాను. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉంది. స్టార్ట్ చేసి గేర్ వేసి వెంటనే థ్రాటిల్ తిప్పితే సగం దాటాక లైటు ఆగిపోయింది! కొంచెం వెనక్కి తిప్పితే మళ్లీ కొడుతోంది. అక్కడే ముందుకీ వెనక్కీ తిప్పుతూ ఉంటే లైటు ఆన్ ఆఫ్, ఆన్ ఆఫ్. పై వైర్‌కి తగిలిస్తే ఎక్కడా ఆగలేదు. తర్వాత బాగా వేడెక్కేదాకా నెమ్మదిగా నడిపాం, ఒక్కసారి కూడా మిస్ అవ్వలేదు.

ఉప్పాడ_తీరం

దొరికింది సార్. థ్రాటిల్ తిప్పినప్పుడు మ్యాగ్నెట్ కింద ప్లేటు కూడా తిరుగుతుంది కదా, టైమింగ్ ముందుకి జరగడానికి. ప్లేటుతో పాటు దాని వైర్లు తిరుగుతాయి. ఏదో ఒక వైరు ఒరుసుకుని తొడుగు పోయి బాడీకి తగులుతోంది. మా దగ్గర ఉప్పుగాలికి తొడుగు పెళుసుబారి ఇది మరీ ఎక్కువ. నాకు ఆ స్టాప్ బటన్ వైర్ల మీదే అనుమానం. మీరు బటన్ దగ్గర పీకారు. బటన్ దగ్గర పీకితే బటన్ మంచిదో కాదో తెలుస్తుంది గానీ, వైరు అటు చివర ఇంకా పాయింటుకే తగిలించి ఉంది కదా. దారిలో ఎక్కడ ఎర్త్ అయినా నిప్పు పోతుంది. పీకాల్సింది పాయింట్ దగ్గర.

ఓమ్స్_లా

అద్భుతం. అన్నిటికీ సరిపోతుంది. ఆ వైరు ఎర్త్ అయితే పాయింట్ తెరుచుకున్నా కరెంటుకి వేరే దారి ఉన్నట్టే, అంటే పాయింట్ ఎప్పుడూ మూసుకునే ఉన్నట్టు లెక్క. స్టాప్ బటన్ పనిచేసేదీ అలాగే. ఎవరూ నొక్కకుండానే బటన్ నొక్కుడు పడుతోందన్నమాట. కాయిల్స్ మార్చినా తప్పు కిందే ఎందుకు ఉండిపోయిందో కూడా ఇప్పుడు అర్థమైంది, ఆ వైరు కాయిల్‌ది కాదు, పాయింట్‌ది. టెస్టర్‌తో చూసినప్పుడు తాడు లాగడానికి థ్రాటిల్ స్టార్ట్ గుర్తు దగ్గరే పెట్టి ఉంటారు, అక్కడ ప్లేటు ఆ చోటుకి రాదు.

విప్పకముందే రుజువు కావాలంటే పైన తాడు స్టార్టర్ తీసేసి, ప్లగ్గులు విప్పి, ఫ్లైవీల్ నట్ మీద సాకెట్ పెట్టి బ్యాటరీ డ్రిల్‌తో సవ్యదిశలో తిప్పండి. ప్లగ్ వైర్లు రెండూ టెస్టర్‌కి తగిలించే ఉంచండి, గాలిలో వదిలేస్తే కాయిల్ దెబ్బతింటుంది. దగ్గర్లో పెట్రోలు చుక్క ఉండకూడదు. ఇంకో చేత్తో ప్లేటు తిప్పుతూ చూడండి.

బిల్జ్_బాబాయ్

ఫ్లైవీల్ తీసేటప్పుడు మూడు బోల్టుల పుల్లర్ వాడు, అంచు పట్టుకుని లాగే రకం కాదు, ఫ్లైవీల్ వంగితే మళ్లీ తిన్నగా రాదు. పాయింట్ల క్యామ్ తీస్తే దానిమీద టాప్ అని ఉన్న వైపు పైకే పెట్టు. తిరగేసి పెట్టి వారాల తరబడి జుట్టు పీక్కున్నవాళ్లని చూశాను. షాఫ్ట్ టేపర్ (సన్నబడుతూ పోయే కొస), ఫ్లైవీల్ లోపలి టేపర్ రెండూ స్పిరిట్‌తో తుడిచి పొడిగా బిగించు, గ్రీజు రాయకు. ఫ్లైవీల్‌ని పట్టి ఉంచేది ఆ టేపర్ బిగింపే గానీ చిన్న కీ కాదు, గ్రీజు రాస్తే జారి ఆ కీ తెగుతుంది.

ఆ బటన్ కూడా చూడు. రెండు పాయింట్ల వైర్లూ దేనికది విడిగా ఎర్త్ చేసే రకం కావాలి. కొంతమంది రెండు వైర్లూ కలిపేసి ఒకే బటన్‌కి ఇస్తారు, అప్పుడు ఒక పాయింట్ తెరుచుకునేసరికి రెండోది మూసుకుని ఉంటుంది, ఇంజిన్ అసలు లేవదు.

సరస్సుగట్టు

డ్రిల్‌తో తిప్పితే గ్యారేజీలోనే దొరికిపోయింది. ప్లేటు సగం దాటగానే కింది స్పార్క్ మాయం.

ఫ్లైవీల్ తీశాను. బటన్ వైర్లు ప్లేటులో ఒక రంధ్రంలోంచి కిందికి దిగుతున్నాయి, రంధ్రం అంచుకి వైరు ఒరుసుకోకుండా ఉండే రబ్బరు గ్రోమెట్ లేదు. పై సిలిండర్ వైరు వదులుగా ఉంది. కింది సిలిండర్‌ది బిగుతుగా ఉండి, ప్లేటు తిరిగినప్పుడు సాగి రంధ్రం అంచుకి ఒరుసుకుంటోంది. గోరు వెడల్పున తొడుగు పోయి రాగి మెరుస్తోంది. ప్లేటు వెనక్కి వస్తే వైరు అంచు నుంచి దూరం జరుగుతోంది, అందుకే నెమ్మదిగా పోయేటప్పుడు తేడా తెలియలేదు.

ఇంట్లో వైరు లేక ముందు అవి రెండూ పాయింట్ దగ్గరే కత్తిరించి నడిపి చూశాను. పూర్తి థ్రాటిల్‌లో గుడ్లప్పగించి చూశాం, ఒక్క మిస్సింగ్ లేదు, పడవ ముందుభాగం దిగి నీటిమీద తేలుతూ పోయింది. చాక్ మూసి ఆపుతున్నాను ప్రస్తుతానికి.

ఆర్‌డీ_పిచ్చోడు

అంతకష్టపడి కాయిల్స్ మార్పించినందుకు నన్ను తిట్టుకోకండి అన్నా 😄 కానీ కండెన్సర్ల గురించి నేను చెప్పింది మాత్రం నిజమే, పాతవి పారేయకండి.

బిల్జ్_బాబాయ్

చాక్‌తో ఆపడం అలవాటు చేసుకోకు, అక్కరకొచ్చినప్పుడు వెంటనే ఆగదు. బటన్ మళ్లీ పెట్టుకో, వీలైతే చేతికి తాడు కట్టుకునే రకం పెట్టు. టిల్లర్ (ఇంజిన్‌ని తిప్పే పిడి) పట్టుకుని కూర్చున్నవాడు నీళ్లలో పడితే ఇంజిన్ దానంతటదే ఆగాలి. ఈ పాతవాటికి అది లేకపోవడం ఒక్కటే నాకు నచ్చనిది.

సరస్సుగట్టు

తాడు స్విచ్చే ఆర్డర్ పెట్టాను, రెండు వైర్లు విడివిడిగా ఎర్త్ చేసేది. నూనె, వేడి తట్టుకునే సన్నటి పోగుల వైరు, రంధ్రానికి గ్రోమెట్, ప్లేటు పూర్తిగా తిరిగినా ఇంకా కాస్త వదులు మిగిలేలా. బిగించాక డ్రిల్ పరీక్ష ఇంకోసారి చేస్తాను.

డాలస్_బోటు

బిల్జ్ బాబాయ్ గారూ, మీటర్ పెట్టాను. కీ ఆన్‌లో కాయిల్ ప్లస్ దగ్గర సున్నా, స్టార్టర్ తిరిగేటప్పుడు 10 పైన వస్తోంది. స్విచ్ దగ్గర మాత్రం 12 ఉంది. మధ్యలో ఉన్న గుండ్రటి పెద్ద కనెక్టర్ విప్పితే ఒక పిన్ను పచ్చగా పొడి రాలుతోంది. శుభ్రం చేస్తే స్టార్ట్ అయి నిలబడింది. ఆ పిన్ను మార్చాలా, ఇలా వదిలేయొచ్చా?

బిల్జ్_బాబాయ్

మార్చు. పచ్చబడిన పిన్ను ఎంత తోమినా మళ్లీ పచ్చబడుతుంది, అదీ ఒడ్డుకి దూరంగా ఉన్నప్పుడే. మిగతా పిన్నులు కూడా విప్పి చూసి, డైఎలక్ట్రిక్ గ్రీజు రాసి మూసెయ్యి. ఈసారి కొత్త థ్రెడ్ తెరు, పైన ఎడమవైపు ప్లస్ గుర్తు ఉంటుంది.